లంప్‌సమ్, టార్గెట్ కాస్ట్, అలయన్స్: షెడ్యూల్‌కి ఏ కాంట్రాక్టు మేలు?

శుక్రవారం స్లాబ్ వెయ్యాలి. డక్టు ఓపెనింగుల డ్రాయింగ్ ఇంకా రాలేదు. అది ఈ వారంలో వచ్చేలా లేదని కాంట్రాక్టర్ దగ్గరి ప్లానింగ్ ఇంజనీర్‌కి సోమవారమే అర్థమైంది. ఆ మాట అప్పుడే చెప్పేస్తాడా, శుక్రవారం దాటాక లెటర్ రాస్తాడా? చాలావరకు కాంట్రాక్టే దాన్ని తేలుస్తుంది.

లంప్‌సమ్‌లో ధర ముందే కుదురుతుంది, గడువు దాటితే రోజుకింత అని పెనాల్టీ ఉంటుంది. ఖర్చెంతో ఓనర్‌కి మొదటే తెలుస్తుంది, ఆ నిశ్చింత తక్కువేమీ కాదు. కానీ ఇక్కడ షెడ్యూల్ రేపటి వాదనకి సాక్ష్యంగా మారిపోతుంది. పది రోజుల షటరింగ్‌కి పద్నాలుగు చూపించి నాలుగు రోజులు లోపల దాచుకుంటారు. బయటపెడితే అవతలివాళ్లు వాడేసుకుంటారని భయం. పైగా ఫిడిక్ (అంతర్జాతీయంగా వాడే నమూనా కాంట్రాక్టులు) 1999 కాంట్రాక్టుల్లో అదనపు సమయం గానీ డబ్బు గానీ కావాలంటే, విషయం తెలిసిన 28 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. లేదంటే ఆ హక్కే పోతుంది. దాంతో ప్రతి చిన్నదానికీ నోటీసు వెళ్తుంది, దానికి ఆచితూచి రాసిన జవాబు వస్తుంది. ఫోన్లో ఐదు నిమిషాల్లో తేలే డ్రాయింగ్ గొడవ నెలల తరబడి ఫైళ్లలో తిరుగుతుంది.

బ్రిటన్‌లో పుట్టిన నమూనా కాంట్రాక్టు ఎన్ఈసీ4లో ఆప్షన్ సి అనే టార్గెట్ కాస్ట్ పద్ధతి వేరే దారి పట్టింది. అయిన ఖర్చు టార్గెట్ కన్నా తగ్గితే మిగులునీ, పెరిగితే నష్టాన్నీ ముందే ఒప్పుకున్న వాటాల్లో ఇద్దరూ పంచుకుంటారు. షెడ్యూల్ విషయంలో ఇది చాలా కచ్చితం. కాంట్రాక్టర్ మొదటి ప్రోగ్రామ్ (అంటే షెడ్యూల్) ఇవ్వకపోతే, ఇచ్చేదాకా అప్పటివరకు చేసిన పని విలువలో నాలుగో వంతు చెల్లింపు ఆపేస్తారు. ఇచ్చాక రెండు వారాల్లో ఓనర్ తరఫు ప్రాజెక్ట్ మేనేజర్ ఒప్పుకోవాలి, లేదా కారణం చెప్పాలి. గుర్తుచేశాక కూడా ఇంకో వారం మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే లెక్క. ఫ్లోట్‌నీ (ఒక పని ఆలస్యమైనా మిగతావి ఆగకుండా ఉండే వెసులుబాటు రోజులు), రిస్క్ కోసం ఉంచుకున్న రోజుల్నీ ప్రోగ్రామ్‌లో విడిగా చూపించాలి. అనుకున్న పూర్తి తేదీకీ కాంట్రాక్టు గడువుకీ మధ్య మిగిలే రోజులు కాంట్రాక్టర్‌వే కాబట్టి దాచుకోవాల్సిన అవసరం తగ్గుతుంది.

అన్నిటికన్నా నాకు నచ్చేది ముందస్తు హెచ్చరిక. సమస్య కనబడగానే ఇద్దరిలో ఎవరైనా చెప్పాలి. కాంట్రాక్టర్ చెప్పకుండా ఊరుకుంటే, తర్వాత అతని పరిహారాన్ని ముందే చెప్పి ఉంటే ఎంతయ్యేదో అంత మేరకే లెక్కకడతారు. సోమవారం నోరు మెదపకపోతే డబ్బు పోతుంది. ఫిడిక్ కూడా 2017లో ఇరువైపులా ముందస్తు హెచ్చరిక ఇవ్వాలన్న క్లాజు పెట్టింది, కానీ ఇవ్వకపోతే ఇలా డబ్బు తగ్గించే లెక్క అందులో లేదు.

అలయన్స్‌లో లాభనష్టాలు ఓనర్, కాంట్రాక్టర్లు అందరివీ కలిపే చూస్తారు, ఒకరి మీద ఒకరు క్లెయిమ్ వేసుకునే దారులు చాలావరకు మూసేస్తారు. షెడ్యూల్ అందరూ ఒకే గదిలో కూర్చుని వేస్తారు. దీనికి దగ్గరగా వెళ్లింది లండన్ హీత్రూ విమానాశ్రయం టెర్మినల్ 5. అక్కడ రిస్క్ అంతా ఓనర్ అయిన విమానాశ్రయ కంపెనీ బీఏఏనే మోసింది. 2008 మార్చిలో అనుకున్న రోజుకే తెరిచారు. తొలి రోజుల్లో సామాన్ల గందరగోళం ఎంతో బాధ పెట్టింది గానీ, కట్టిన తీరుని అది తక్కువ చెయ్యదు. ఇంత రిస్క్ నెత్తిన పెట్టుకునే ఓనర్లు మాత్రం అరుదు.

డిజైన్ పూర్తయి, మార్పులు రావనుకుంటే లంప్‌సమ్ చాలు. భూమి లోపల ఏముందో తెలియని పనికి, నడుస్తున్న రైల్వే పక్కన చేసే పనికి అలయన్స్ ఆలోచించొచ్చు. మధ్యలో ఉండే అధిక శాతం ప్రాజెక్టులకి నా ఓటు టార్గెట్ కాస్ట్‌కే. ఒక్క షరతు: రెండు వారాల్లో జవాబిచ్చే తీరిక, అధికారం ఉన్న ప్రాజెక్ట్ మేనేజర్ ఉండాలి. లేకపోతే అదీ లెటర్ల యుద్ధమే అవుతుంది.

సంతకానికి ముందు సబ్ కాంట్రాక్టులు కూడా తెప్పించుకుని చదవండి. పైన వాటాలు పంచుకుంటూ, డక్టు పనివాళ్ల మీద మాత్రం రోజువారీ పెనాల్టీ పెడితే, సోమవారం నాడు వాళ్లు నోరు విప్పరు.