క్యాంపస్ బుక్‌స్టోర్‌లో ఎకనామిక్స్ పుస్తకం కొంటున్నారా? ముందు 208వ పేజీ తిప్పి చూడండి

ఇప్పుడే సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్‌లో సిద్దిపేట బస్సెక్కాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. ఎం.ఏ. డిస్టెన్స్ వాళ్ళకి ఈ సంగతి ఇవాళే తెలియాలి. రేపు ఆదివారం కాంటాక్ట్ క్లాసు ఉంది, క్లాసు అయిపోగానే సగం మంది ఆ షాపుకే వెళ్తారు.

షాపు పేరు రాయను. మనమందరం జిరాక్స్ తీయించుకునే వరుసలో చివరిది, మీకు తెలుసు. పుస్తకం మొదటి సెమిస్టర్ సూక్ష్మ అర్థశాస్త్రం (మైక్రో ఎకనామిక్స్), తెలుగు మీడియం, లావుపాటిది, 380 రూపాయలు. పోయిన ఆదివారం కొన్నాను. బిల్లు అడిగితే కౌంటర్‌లో ఉండే పెద్దాయన, "మెషిన్ పని చేస్తలేదు మేడమ్. ఏం కాదు, తీస్కపోండి. ఏమన్న ఉంటే నన్నే అడగండి, నేనెక్కడికి పోతా" అన్నాడు. నా వెనక పది మంది ఉన్నారు. మా నాన్న వయసు మనిషి, అంత నమ్మకంగా చెప్తున్నాడు కదా అని ఫోన్‌తో డబ్బులు పంపేసి వచ్చేశాను. చేత్తోనైనా రాసివ్వమని అడగాల్సింది. నేను బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్తాను, ఫీజు రసీదు పోగొట్టుకోవద్దని వాళ్ళ తల్లిదండ్రులకి ప్రతి నెలా చెప్తాను. ఆ ఒక్క నిమిషం నాకెందుకు తోచలేదో అని వారమంతా బాధపడుతూనే ఉన్నాను.

బుధవారం రాత్రి పాపని పడుకోబెట్టి చదువుకోవడానికి కూర్చున్నాను. ఏకస్వామ్యం, అదే మోనోపలీ పాఠం మొదలైంది, 208వ పేజీ చివర వాక్యం సగంలో ఆగింది. పక్క పేజీ చూస్తే 193. మొదట నేనే వెనక్కి తిప్పానేమో అనుకున్నాను. కాదు. 193 నుంచి 208 వరకు మళ్ళీ అవే పేజీలు, ఆ తర్వాత నేరుగా 225. మధ్యలో 16 పేజీలు లేనే లేవు. ఏకస్వామ్యంలో ధర నిర్ణయం, విచక్షణాత్మక ఏకస్వామ్యం (ఒకే సరుకుని వేర్వేరు వాళ్ళకి వేర్వేరు ధరలకి అమ్మడం), పటాలతో సహా మొత్తం పోయింది. ప్రశ్నపత్రంలో తరచుగా అడిగే భాగమే అది.

మా వీధిలో ప్రెస్సు నడిపే బాబాయికి చూపిస్తే చూడగానే చెప్పాడు. పుస్తకాన్ని ఫారాలుగా అచ్చు వేస్తారట, దీనిలో ఒక్కో ఫారానికి 16 పేజీలు. పదమూడో ఫారం 208తో అయిపోతుంది. బైండింగ్‌కి ఫారాలు వరసగా పేర్చేటప్పుడు పదమూడోది రెండు సార్లు పెట్టి పద్నాలుగోది వదిలేశారు. "ఇట్లాంటివి వస్తుంటయి బిడ్డా, షాపాయన పబ్లిషర్‌కి వాపసు పంపి మంచిది తెప్పిస్తడు, ఆయనకేం పోదు" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

అందుకే ఇవాళ శనివారం సెలవు పెట్టి బయల్దేరాను. మహాలక్ష్మి జీరో టికెట్ కాబట్టి బస్సు ఖర్చు లేదు గానీ, ప్రైవేటు బళ్ళో ఒక రోజు సెలవంటే ఒక రోజు జీతం పోయినట్టే.

షాపుకెళ్ళి, "సార్, పోయిన ఆదివారం తీసుకున్నాను, ఇందులో ఒక ఫారం లేదు, వేరే కాపీ ఇవ్వండి" అని పేజీ తెరిచి ముందు పెట్టాను. కొన్న రోజు "మేడమ్" అన్న మనిషి "ఏమ్మా, బిల్లేది?" అన్నాడు.

బిల్లు! మెషిన్ పని చెయ్యట్లేదని చెప్పింది ఆయనే. నన్నే అడగండి అన్నది ఆయనే. ఆ మాటే గుర్తు చేశాను. ఫోన్‌లో ఆయనకి డబ్బులు పంపిన వివరం, తేదీ, టైమ్, 380 అంకె అన్నీ చూపించాను. దానివైపు చూడను కూడా చూడలేదు. "రోజుకి వంద మంది వస్తరు, ఎవరికి ఏం చెప్పిన్నో నాకేం యాది. చూసుకొని కొనుక్కోవాలె. మేమేమన్న ప్రింట్ చేసినమా?" అన్నాడు. నేను అరవలేదు. పోనీ ఆ ఒక్క ఫారం జిరాక్స్ అయినా ఇప్పించండి సార్ అని కూడా అడిగాను. అప్పుడు కౌంటర్ చివర దారంతో కట్టి ఉన్న రిజిస్టర్ వైపు చెయ్యి చూపించి, "ఏదున్నా అండ్ల రాసి పో" అన్నాడు.

అట్ట మీద సలహాలు, సూచనలు అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. సరే, రాస్తే ఎవరైనా పైవాళ్ళు చూస్తారేమో అని తెరిచాను. తేదీ వేశాను, పేరు రాశాను. ఫోన్ నంబర్ కూడా రాయాలా అని పైన ఎవరో రాసింది చూశాను. నా పెన్ను ఆగిపోయింది. నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో, మూడు వారాల కిందటి తేదీ: "సూక్ష్మ అర్థశాస్త్రం పుస్తకంలో 209 నుండి 224 వరకు పేజీలు లేవు. దయచేసి మార్చి ఇవ్వగలరు." పేజీ వెనక్కి తిప్పితే ఇంకొకరు, అదే పుస్తకం, అవే పేజీలు. ఇద్దరి రాతల కిందా జవాబు లేదు, సంతకం లేదు, ఏమీ లేదు.

అంటే వాళ్ళకి ముందే తెలుసు. నేను కొన్న రోజుకే తెలుసు. తెలిసి నాకు అమ్మారు.

పక్కన బల్ల మీద అదే పుస్తకం దొంతర ఉంది. వెళ్ళి పై కాపీ తీసి 208 తిప్పాను, 193. దాని కింద కాపీ, 193. మూడోది కూడా అంతే. అప్పుడే ఒక అబ్బాయి వచ్చి అదే పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. "తమ్ముడూ, ఆగు, ఒకసారి ఇక్కడ చూడు" అని తిప్పి చూపించాను. ఆ పెద్దాయన కౌంటర్ దాటి వచ్చి, రిజిస్టర్ టప్పున మూసి, "నువ్వు పుస్తకం కొననీకి వచ్చినవా, మా గిరాకీ చెడగొట్టనీకి వచ్చినవా? లొల్లి చెయ్యకు, నడువు" అన్నాడు. అందరి ముందు. మేడమ్ నుంచి ఏమ్మా, ఏమ్మా నుంచి నువ్వు, నడువు. 380 రూపాయల కన్నా నాకు ఆ మాటే మింగుడు పడట్లేదు. నేనేం అడుక్కోవడానికి వెళ్ళానా? ఆ అబ్బాయి మాత్రం పుస్తకం కింద పెట్టేసి వెళ్ళిపోయాడు. అదొక్కటే ఇవాళ జరిగిన మంచి.

ఎల్ఎల్‌బీ చదివే మా చిన్నాన్న కూతురికి ఫోన్ చేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పట. లోపం ఉన్న వస్తువు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే అదీ తప్పేనట. బిల్లు మీద గడువేమీ రాసి లేకపోతే 30 రోజుల్లోపు షాపువాళ్ళు డబ్బు తిరిగి ఇవ్వాలట. నేను కొని ఆరు రోజులే అయింది. బస్టాండ్ నుంచే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, వివరాలు రాసుకుని ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. డబ్బులు పంపిన రుజువు, 208, 193 పక్కపక్కన కనపడేలా తీసిన ఫోటో పెట్టమన్నారు. పెట్టాను. రిజిస్టర్ పేజీ ఫోటో తీసుకోలేకపోయాను, అదొకటి మనసులో గుచ్చుకుంటోంది.

రేపు వెళ్ళేవాళ్ళు ఏ పుస్తకం కొన్నా కౌంటర్ దగ్గరే పేజీ నంబర్లు గబగబా తిప్పి చూసుకోండి, ముఖ్యంగా 16, 32, 48 ఇలా ఫారం మారే చోట్ల. బిల్లు చేతికి రాకుండా డబ్బులు పంపకండి. మెషిన్ పాడైందంటే కాగితం మీద రాయించుకుని ముద్ర వేయించుకోండి.

ఆ నీలం ఇంకు అక్షరాలు మీవే అయితే, లేదా ఆ వెనక పేజీలో రాసింది మీరే అయితే, దయచేసి నాకు మెసేజ్ పెట్టండి. ముగ్గురం కలిసి ఫిర్యాదు ఇద్దాం. పరీక్షకి ఇంకా 19 రోజులే ఉంది. ఎవరి దగ్గరైనా పాత బ్యాచ్‌లో కొన్న మంచి కాపీ ఉంటే 209 నుంచి 224 వరకు రేపు క్లాసుకి తెచ్చిపెట్టండి, అక్కడే కూర్చుని రాసుకుంటాను.