పాత ఫ్యామిలీ కారుకి ముందు ఏది: రీమ్యాపా, బ్రేకులూ టైర్లా?

చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుందనుకుందాం. ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చడం) చేయించి పవర్ పెంచుకోవాలా, టైర్లు, బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు మార్పించాలా?

రీమ్యాప్ సరదా వెంటనే తెలుస్తుంది, అదీ టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే పరికరం) ఉన్న ఇంజిన్ అయితేనే. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్‌లో పెరిగేది కొద్దిగానే. టర్బో డీజిల్‌లో టార్క్ (చక్రాలని తిప్పే బలం) బాగా పెరుగుతుంది కానీ ఆ భారం అరిగిన క్లచ్ మీద పడుతుంది. పై గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఆర్‌పీఎం ముల్లు లేచి, వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. అలాంటి బండికి రీమ్యాప్ మాటే ఎత్తొద్దు.

రెండో దారిలో ఫ్రెండ్స్‌కి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, నిజమే. తేడా మాత్రం ప్రతి మలుపులో తెలుస్తుంది. టైరు సైడ్‌వాల్ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. 2317 అని ఉంటే 2017లో 23వ వారంలో తయారైందని అర్థం. అంత పాతబడితే ట్రెడ్ మిగిలున్నా రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 అనే బ్రేక్ ఫ్లూయిడ్ ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతుంటే పెడల్ మెత్తగా లోపలికి పోతోందా? బ్రేకుల వేడికి ఫ్లూయిడ్ మరుగుతుండొచ్చు, పెద్ద డిస్కులు కొనేముందు ఫ్లూయిడ్ మార్పించి చూడండి.

నా ఓటు రెండోదానికే. టైర్లు, బ్రేకులు, క్లచ్ అన్నీ బాగున్న టర్బో బండైతే రీమ్యాప్‌కి వెళ్లొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే చెప్పండి, లేకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.