ఎరుకమైడ్ స్లిప్‌తో తొమ్మిదేళ్లు: రెండు రోజులు ఆగగలిగే వాళ్లకే

ప్లాస్టిక్ ఫిల్మ్ లైన్ నడిపేవాళ్లకు స్లిప్ (ఫిల్మ్ పొరలు ఒకదాని మీద ఒకటి జారేలా కలిపే పదార్థం) ఎందుకు వేస్తారో నేను చెప్పక్కర్లేదు. డేటాషీట్‌లో ఉండే సంగతులూ వదిలేస్తున్నాను. అలాంటి స్లిప్‌లలో ఒకటైన ఎరుకమైడ్‌లో నన్ను పట్టుకున్నది ఒక్కటే గుణం. వేసిన రోజు అది పని చేయదు. తొమ్మిదేళ్లుగా దీనితో నేను పడిన గొడవంతా ఆ ఆలస్యంతోనే.

మాది హైదరాబాద్ కాటేదాన్‌లో చిన్న యూనిట్. రెండు మోనోలేయర్ బ్లోన్ ఫిల్మ్ మెషీన్లు, అంటే కరిగిన ప్లాస్టిక్‌ని గాలితో బుడగలా (బబుల్) ఊది ఒకే పొర ఫిల్మ్ తీసేవి. ఎక్కువగా 50 మైక్రాన్ల ఫిల్మ్ తీస్తాం, ఎల్‌డీ, ఎల్‌ఎల్‌డీ అనే రెండు రకాల పాలిథిన్ కలిపి. ప్రింటింగ్ బయట చేయిస్తాం. 5 శాతం ఎరుకమైడ్ ఉన్న మాస్టర్‌బ్యాచ్‌ని (ముందే కలిపి పెట్టిన గుళికలు) వంద కిలోల ప్లాస్టిక్ దానాకి రెండు కిలోలు వేస్తాం. అంటే వంద కిలోల ఫిల్మ్‌లో అసలు సరుకు 100 గ్రాములే. ఆ 100 గ్రాములు ఎంత పని చేస్తాయో, లెక్క తప్పితే ఎంత నష్టం తెస్తాయో మొదట్లో నాకు తెలియలేదు.

మూడో ఏడాది మే నెల. రాత్రి పదకొండింటికి షిఫ్ట్ ఆపరేటర్ ఫోన్ చేశాడు. "సార్, ఫిల్మ్ జారుతలేదు. రెండు పొరలు అతుక్కుంటున్నయి, చేత్తో విప్పినా రావట్లేదు." నేను ఇంట్లోనే ఉండి, రోల్ చూడకుండానే, "ఇంకో రెండు కిలోలు కలుపు" అన్నాను. డోసు రెట్టింపయింది. తెల్లారి వెళ్లి చేత్తో తడిమితే ఫిల్మ్ అంతకుముందు లాగే ఉంది. సరే, ఇంకా తక్కువే పడిందేమో అనుకున్నాను. అదృష్టం కొద్దీ మళ్లీ పెంచలేదు. ఆ మధ్యాహ్నమే లోడు వెళ్లిపోయింది.

ఆరో రోజు ప్రింటర్ ఫోన్. "అన్నా, ఇంకు నిలుస్తలేదు. వేలితో గీకితే లేస్తుంది."

వెళ్లి చూస్తే నాకు నోట మాట రాలేదు. సగం రోల్స్ లోపలి పొరలు పక్కకు జారి, గరాటులా బయటికి వచ్చేశాయి. ప్రెస్ రోలర్ల మీద జిడ్డుగా తెల్లటి పొర. ప్రింట్ మీద టేప్ అంటించి లాగితే అక్షరాలన్నీ టేప్‌తో పాటే వచ్చాయి. మా దగ్గర ట్రీటర్ (ఇంకు అంటుకునేలా ఫిల్మ్ ముఖానికి విద్యుత్తుతో కరోనా ట్రీట్‌మెంట్ చేసేది) దాటినప్పుడు 40 డైన్లు చూపించిన ఫిల్మే అది. డైన్ల అంకె ఎక్కువైతే ఇంకు బాగా అంటుతుంది, దాన్ని ప్రత్యేకమైన పెన్నులతో గీసి చూస్తాం. ఇక్కడ 38 డైన్ల పెన్ను గీత కూడా చుక్కలు చుక్కలుగా విడిపోయింది. 34 పెన్నుతో గీస్తే తప్ప గీత నిలబడలేదు. మొత్తం 640 కిలోలు వెనక్కి వచ్చాయి.

ఎందుకిలా అయిందో తర్వాత ఒక్కొక్కటే అర్థమైంది. వేడిగా కరిగి ఉన్నప్పుడు ఈ అమైడ్ ప్లాస్టిక్‌లో చక్కగా కలిసిపోతుంది. చల్లబడ్డాక రెండింటికీ పొసగదు. అణువుకి ఒక కొసన నీటిని ఇష్టపడే అమైడ్ భాగం, మిగతాదంతా 22 కార్బన్ల పొడవాటి కొవ్వు గొలుసు. ప్లాస్టిక్ దాన్ని లోపల ఉంచుకోలేక మెల్లగా పైకి నెట్టేస్తుంది. గొలుసు పొడవు కాబట్టి నడక నిదానం. నా ఫిల్మ్ మీద సరిపడా పొర కట్టడానికి ఎండాకాలంలో దాదాపు రెండు రోజులు, డిసెంబరులో మూడు నాలుగు రోజులు పడుతోంది. అంటే ఆ తెల్లారి నేను తడిమిన ఫిల్మ్‌లో వంద కిలోలకి వేసిన 200 గ్రాములూ దాదాపు లోపలే ఉన్నాయి. పైకి వచ్చాక కరోనా ట్రీట్‌మెంట్ చేసిన ముఖాన్నే కప్పేశాయి. ఇంకు ప్లాస్టిక్‌కి కాకుండా ఆ కొవ్వు పొరకి అంటుకుంది.

అసలు ఆ రాత్రి సమస్య స్లిప్‌ది కానే కాదు. మే నెల వేడికి బబుల్ సరిగా చల్లారక పొరలు అతుక్కుపోయాయి. దానికి చూడాల్సింది బబుల్‌ని చల్లార్చే ఎయిర్ రింగ్, కలపాల్సింది పొరలు అతుక్కోకుండా చేసే యాంటీబ్లాక్. జారకపోవడం వేరు, అతుక్కోవడం వేరు. ఈ తేడా ఆపరేటర్‌కి తెలియకపోవడం అతని తప్పు కాదు, నేను ఎప్పుడూ చెప్పలేదు.

వెనక్కి వచ్చిన సరుకుని గ్రైండ్ చేసి, ప్రింట్ లేని లైనర్లలో కొంచెం కొంచెంగా కలిపి వాడుకున్నాం. అందులో అప్పటికే స్లిప్ ఉంది కాబట్టి కొత్త మాస్టర్‌బ్యాచ్ ఆ మేరకు తగ్గించాల్సి వచ్చింది. ఈ లెక్క మర్చిపోయి ఉంటే ఇంకో లోడు పోయేది.

అప్పటినుంచి ప్రతి రోల్ మీద తేదీ రాసి కనీసం 48 గంటలు గోదాంలో ఆపుతున్నాను. సీఓఎఫ్ (ఘర్షణ గుణకం, అంటే ఫిల్మ్ ఎంత జారుతుందో చెప్పే అంకె) కొలిచే మెషీన్ కొనే స్తోమత లేక ఒక నున్నటి చెక్క పలక, చిన్న చెక్క దిమ్మ తయారు చేయించాను. రెండింటికీ ఫిల్మ్ చుట్టి, దిమ్మని పలక మీద పెట్టి, పలకని ఒక పక్క మెల్లగా ఎత్తాలి. దిమ్మ ఏ కోణంలో కదిలిందో కోణమానినితో చూడాలి. ఆ కోణం టాంజెంటే ఘర్షణ గుణకం. 11 డిగ్రీల దగ్గర జారితే దాదాపు 0.2, 17 దగ్గరైతే 0.3. మా ప్యాకింగ్ కస్టమర్లకు 0.2 చుట్టుపక్కల ఉంటే చాలు. ల్యాబ్ రిపోర్టుకి ఇది సాటి రాదు. కానీ ఒకే మెషీన్ మీద నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఖచ్చితంగా పట్టిస్తుంది.

మొదటి ఏడాది నేను ఎరుకమైడ్‌ని అందరి దగ్గరా తెగ పొగిడాను. అంతకుముందు వాడిన ఓలియమైడ్ అనే ఇంకో స్లిప్‌తో, కరిగిన ప్లాస్టిక్ బయటికి వచ్చే డై దగ్గర పొగ, పైన హుడ్‌లో జిడ్డు కారడం, పనివాళ్ల కళ్ల మంట. ఎరుకమైడ్‌కి మారాక పొగ బాగా తగ్గింది. ఆ మాట ఇప్పటికీ నిజమే. "జిడ్డే ఉండదు" అని కూడా అన్నాను, అది సవరించుకోవాలి. ఉంటుంది, కాకపోతే వారం బదులు నెలకోసారి తుడవాలి.

"ఎక్కడైనా పనికొస్తుంది" అని కూడా చెప్పాను. లామినేషన్‌లో ఆ మాట చెల్లలేదు. పాలియెస్టర్‌తో అతికించే కారంపొడి ప్యాకెట్లకు ఫిల్మ్ ఇచ్చాం. పంపేటప్పుడు 12 డిగ్రీలకే జారింది. జిగురు ఆరడానికి వేడి గదిలో ఉంచి తీశాక 21 దాకా ఎత్తితే గానీ కదల్లేదు. వేడికి కొంత అమైడ్ మళ్లీ ప్లాస్టిక్‌లోకి కరిగిపోతుంది, కొంత జిగురు పొరలోకి వెళ్లిపోతుంది. నీళ్ల సీసా మూతలు తీసే స్నేహితుడు దీన్ని వదిలేసి బెహెనమైడ్ అనే మరో స్లిప్‌కి మారాడు. ఎరుకమైడ్ గొలుసులో ఉన్న ఒక ద్విబంధం మెల్లగా ఆక్సీకరణ చెంది నీళ్లకు వాసన ఇస్తుందట. బెహెనమైడ్‌లో ఆ బంధమే లేదు.

ఒక సంగతి మాత్రం తెలిసిన రోజు నుంచీ నాకు ఇష్టం. ఎరుకమైడ్‌ని తయారు చేసే ఎరూసిక్ ఆమ్లం ఆవనూనెలో దండిగా ఉంటుంది. పరిశ్రమకు ఎక్కువగా దాని చుట్టమైన రేప్‌సీడ్ నూనె నుంచి తీస్తారు. అమ్మ ఆవకాయకి ఆవపిండి కొట్టేటప్పుడు వచ్చే ఆ నూనెకీ, నా హాపర్‌లో పడే తెల్లటి గుళికలకీ ఇంత దగ్గరి బంధుత్వం ఉందని తెలిశాక నాకు ఈ పని మీద ప్రేమ ఇంకొంచెం పెరిగింది.

కొనమంటానా? నాకైతే సరిపోయింది. నాకు గోదాంలో చోటుంది, రెండు రోజులు ఆగే కస్టమర్లున్నారు, ప్రింటింగ్ సరుకు మూడో వంతు కూడా ఉండదు. పొద్దున తీసి సాయంత్రం పంపాల్సిన వాళ్లు ఓలియమైడ్ చూసుకోవడం మేలు, లేదా రెండూ కలిసిన మాస్టర్‌బ్యాచ్ అడగండి. ఓలియమైడ్ గొలుసు 18 కార్బన్లే కాబట్టి కొన్ని గంటల్లోనే పైకి వస్తుంది. ప్రింటింగే ప్రధానమైతే డోసు తగ్గించి, ప్రెస్ మీద ఇంకోసారి ట్రీట్ చేయగలరా అని ప్రింటర్‌ని ముందే అడగండి. నేను ప్రింట్ సరుకుకి వంద కిలోలకి ఒక కిలోనే వేస్తున్నాను. ఆ రోల్స్‌కి వేరే రంగు చీటీ అంటించి, గోదాంలో గోడ వైపు విడిగా పెట్టిస్తున్నాను.