పాత గొంతా, కొత్త గొంతా? తిరిగొచ్చిన మూడు కార్టూన్లలో ఏది మేలు?

మా అన్నయ్యకూ నాకూ మధ్య ఈ వాదం మొదలై ఏడాది దాటింది. పాత కార్టూన్‌ను మళ్లీ తీస్తే పాత్రలకు పాత గొంతులే ఉండాలని అన్నయ్య పట్టు. కథను మొదటి నుంచి చెప్పేటప్పుడు గొంతులు కూడా కొత్తగా వెతుక్కోవడమే మంచిదని నా మాట. సీతమ్మధార నుంచి గాజువాకలో వాళ్లింటికి వెళ్లిన ప్రతి ఆదివారం భోజనాల తరవాత ఇదే చర్చ. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. మేము చూసిన పాతవీ, ఇప్పుడొచ్చిన కొత్తవీ రెండూ చూసింది కాబట్టి మా ఇద్దరికీ అదే సాక్షి.

మా ముందున్నవి మూడు. 1987 నాటి బాతుల కథ డక్‌టేల్స్‌ను 2017లో గొంతులన్నీ దాదాపుగా మార్చి మళ్లీ తీశారు. అద్భుత శక్తులున్న ముగ్గురు చిన్నపిల్లల కథ, 1998 నాటి పవర్‌పఫ్ గర్ల్స్‌ను 2016లో సగం గొంతులు ఉంచి సగం మార్చి తీశారు. 1992లో మొదలై 1997లో ఆగిపోయిన, వింత శక్తులున్న వీరుల కథ ఎక్స్‌మెన్‌ను 2024లో ఎక్స్‌మెన్ 97 పేరుతో, బతికున్న పాతవాళ్లలో చాలామందిని వెనక్కి పిలిచి కొనసాగించారు. ఒకే పనికి మూడు దారులన్నమాట.

డక్‌టేల్స్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మా ఇంట్లో అసలు గొడవ అక్కడే మొదలైంది కనుక. తొంభైలలో దూరదర్శన్‌లో ఆదివారాలు హిందీ డబ్బింగ్‌తో వచ్చేది. అప్పుడు మేము ఉక్కునగరం క్వార్టర్లలో ఉండేవాళ్లం. మాది నలుపు తెలుపు టీవీ. పక్క క్వార్టరులో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆ ఇంటి అబ్బాయికి హిందీ మాకంటే బాగా వచ్చు. మాకు అర్థం కాని మాట వస్తే వాడి ముఖం చూసి నవ్వాలో భయపడాలో తెలుసుకునేవాళ్లం. బాగా డబ్బున్న బాతు స్క్రూజ్ మామ. ఆయన మేనకోడలి కొడుకులు హ్యూయీ, డ్యూయీ, లూయీ ముగ్గురూ అచ్చం ఒకేలా ఉంటారు. టోపీ, చొక్కా రంగే తేడా: హ్యూయీది ఎరుపు, డ్యూయీది నీలం, లూయీది ఆకుపచ్చ. మా టీవీలో మూడూ బూడిద రంగే. ఎవరు ఎవరో ఏ ఆదివారమూ మాకు తెలియలేదు.

లోపం మా టీవీదేనని చాలా ఏళ్లు అనుకున్నాను. పెద్దయ్యాక ఇంగ్లీషులో చూస్తే అసలు సంగతి బోధపడింది. ఆ ముగ్గురికీ, వాళ్లతో తిరిగే చిన్నపిల్ల వెబీకీ కూడా రసీ టేలర్ ఒక్కరే గొంతు ఇచ్చారు. మిన్నీ మౌస్‌కు 1986 నుంచి గొంతు ఇచ్చిన గొప్ప కళాకారిణి ఆవిడ. ఆవిడ పనిలో వంకపెట్టడానికి ఏమీ లేదు. కానీ రాసినవాళ్లే ఆ ముగ్గురినీ ఒకే పిల్లాడిగా రాశారు. ఒకడు మొదలుపెట్టిన మాటను రెండోవాడు అందుకుంటాడు, మూడోవాడు ముగిస్తాడు.

నిరుడు వేసవి సెలవుల్లో ఒక పరీక్ష పెట్టాను. మా అమ్మాయిని టీవీకి వీపు తిప్పి కూర్చోబెట్టి, మాట్లాడుతున్నది ఎవరో చెప్పమన్నాను. పాత డక్‌టేల్స్‌లో మూడో మాటకే చేతులెత్తేసింది. "అమ్మా, వీళ్లు ముగ్గురూ ఒక్కరే కదా!" అంది. కొత్తదానిలో పది మాటలకు తొమ్మిది సరిగ్గా చెప్పింది. తప్పిన ఆ ఒక్కటీ హ్యూయీ కోపంగా అరిచినప్పుడు. నాకు కొత్తగా తోచింది ఏమిటంటే, గొంతు విని మాత్రమే చెప్పలేదు. "ఇలా లెక్కలు వేసేది లూయీయే" అంది ఒకసారి. "అందరూ నన్నే చూడాలి అనేది డ్యూయీ" అంది ఇంకోసారి. మాటలోని మనిషిని పట్టుకుంది. తన స్కౌట్ దళం ఉడ్‌చక్ గైడ్ పుస్తకం లేకుండా అడుగు తీసి అడుగు వేయని హ్యూయీ, అందరి కళ్లూ తన మీదే ఉండాలనుకునే డ్యూయీ, ఒళ్లు వంచకుండా డబ్బు ఎలా వస్తుందా అని చూసే లూయీ: ముగ్గురికీ ముందు బుద్ధులు వేరు చేసి, ఆ తరవాత డానీ పూడీ, బెన్ ష్వార్ట్జ్, బాబీ మోయినహాన్‌ల గొంతులు ఇచ్చారు.

అభిమానుల ఫిర్యాదు ఇక్కడే. పదేళ్ల పిల్లల నోట ముప్ఫై అయిదు దాటిన మగవాళ్ల గొంతులేమిటని అడిగారు. అన్నయ్య కూడా అదే అంటాడు: "కళ్లు మూసుకుంటే ఆఫీసులో ముగ్గురు ఉద్యోగులు కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఉంది." మొదటి రెండు భాగాలు చూసినప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఆ ఫిర్యాదు తప్పని అనను. మూడో భాగానికి నా చెవి సర్దుకుంది, అన్నయ్య చెవి సర్దుకోలేదు. పోగొట్టుకున్నది పిల్లతనపు గొంతు, దొరికినది ముగ్గురు పిల్లలు. ఈ బేరం నాకు సమ్మతమే.

స్క్రూజ్ విషయంలో వాదం ఇంకా కష్టం. పాత స్క్రూజ్‌కు గొంతు ఇచ్చిన అలన్ యంగ్ చిన్నతనంలో కొన్నేళ్లు ఎడిన్‌బరోలో పెరిగిన మనిషి. 2016 మేలో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ గొంతులో విసుక్కుంటూనే దగ్గరకు తీసుకునే తాతయ్య ఉండేవాడు. కొత్త స్క్రూజ్ డేవిడ్ టెనెంట్ కూడా స్కాట్లండ్ వాడే. ఆయన గొంతులో తాత లేడు. పొగరు ఇంకా తగ్గని సాహసి ఉన్నాడు. పాతదే మధురమని నేనూ ఒప్పుకుంటాను. కానీ మొదటి సీజన్ చివర్లో, విమానం కొండ అంచున వేలాడుతుండగా, పిల్లల తల్లి డెల్లా ఎలా తప్పిపోయిందో స్క్రూజ్ బయటపెట్టే ఘట్టం చూడండి. పిల్లలు నిలదీస్తారు. అంతదాకా గద్దించి మాట్లాడిన గొంతు ముందు బుకాయిస్తుంది, తరవాత కోపం తెచ్చుకుంటుంది, చివరికి పెద్ద బంగళాలో ఒంటరిగా మిగులుతుంది. ఆ తప్పు మోయడానికి తాతయ్య గొంతు సరిపోయేది కాదు. తాతయ్యను పిల్లలు క్షమించేస్తారు.

కొత్త డక్‌టేల్స్‌లో నాకు నచ్చనిది లేకపోలేదు. పాత వెబీ బొమ్మలు పట్టుకుని వెనకాల నడిచే పిల్ల. కొత్త వెబీ, కేట్ మికూచీ గొంతుతో, తాళ్లు కట్టుకుని పైకప్పు నుంచి దిగే పిల్ల. స్క్రూజ్ కుటుంబ చరిత్ర అంతా కంఠస్థం. ఆ ఇంటికి రక్తం పంచుకుని పుట్టకపోయినా ఆ ఇంటి పిల్ల కావడమే ఆ పాత్ర బలం. 2021 మార్చిలో వచ్చిన ఆఖరి భాగంలో, వెబీ అసలు స్క్రూజ్ నుంచే పుట్టించిన ప్రతిరూపమని తేల్చారు. అంటే రక్తసంబంధం ఉంటేనే కుటుంబమా? చాలామంది అభిమానులకు కోపం వచ్చింది, నాకూ వచ్చింది. మూడు సీజన్లు కష్టపడి కట్టిన పాత్రను ఒక్క మాటతో చిన్నబుచ్చారు. ఇది గొంతు తెచ్చిన తప్పు కాదు, రాత తెచ్చిన తప్పు. అందుకే గొంతుల వాదంలో రాతను ఎప్పుడూ పక్కన పెట్టకూడదని అన్నయ్యతో అంటాను.

ఇక పవర్‌పఫ్ గర్ల్స్. బ్లాసమ్, బబుల్స్, బటర్‌కప్‌లకు మొదటి నుంచీ గొంతు ఇచ్చిన క్యాథీ కవడీనీ, టారా స్ట్రాంగ్, ఇ.జి. డైలీ ముగ్గురూ 2014లో వచ్చిన ప్రత్యేక భాగంలో కూడా ఉన్నారు. గొంతు పోయిందని కానీ, రానన్నారని కానీ అనడానికి లేదు. 2016లో వాళ్ల స్థానంలో వయసులో చిన్నవాళ్లు ముగ్గురిని తీసుకున్నారు. తమనెవరినీ అడగలేదని టారా స్ట్రాంగ్ బహిరంగంగానే చెప్పి బాధపడ్డారు. అభిమానుల కోపానికి మొదటి కారణం ఇది. కొత్తగా వచ్చిన అమ్మాయిల మీద పడిన తిట్లు మాత్రం అన్యాయం. పిలిస్తే వచ్చి పని చేశారు, అంతే.

నాకు కష్టం కలిగించింది వేరే. ప్రొఫెసర్ యుటోనియమ్ గొంతు మారలేదు, మేయర్ గొంతు మారలేదు, మోజో జోజో గొంతు మారలేదు. ఇంట్లో తండ్రి పాతవాడే, ఊళ్లో శత్రువు పాతవాడే, మధ్యలో పిల్లలు ముగ్గురూ కొత్తవాళ్లు. తండ్రి పిలిచిన ప్రతిసారీ వేరే ఇంటి పిల్లలు పలికినట్టు ఉంటుంది. అన్నీ మార్చి ఉంటే చెవి పాతదాన్ని మరిచిపోయేది. ఏమీ మార్చకపోతే గొడవే లేదు. సగం సగం చేస్తే చెవి ప్రతి మాటకూ పోల్చి చూస్తూనే ఉంటుంది.

గొంతులు మార్చి పాత్రలను లోతు చేశారా అంటే అదీ లేదు. పాత బబుల్స్ మెత్తని పిల్లే, కానీ ఆ మెత్తదనం కింద నిప్పు ఉండేది. అది ఎప్పుడు అంటుకుంటుందో తెలియకపోవడమే ఆ పాత్రలో రుచి. కొత్తదానిలో బబుల్స్ ఎక్కువగా నవ్వించడానికే ఉంది. బ్లాసమ్ నాయకత్వం పోయి పద్ధతుల గురించిన కంగారు మిగిలింది. మేయరుకు బుర్రగా ఉండి ఊరిని నిజంగా నడిపిన సారా బెల్లమ్‌ను అసలు తీసేశారు. ఇంగ్లీషులో చిన్నమెదడుకు ఉన్న పేరును విరిచి పెట్టిన పేరు అది. ముఖం దాదాపుగా ఎన్నడూ చూపించకుండా, తెలివితోనే నిలబెట్టిన పాత్ర. తాము ఇవ్వదలచిన సందేశానికి ఆమె సరిపోదని నిర్మాతల వైపు నుంచి వచ్చిన వివరణ. ఆమెను గీసిన తీరు నచ్చకపోతే వేరేలా గీయవచ్చు. ఊళ్లో అందరికంటే తెలివైన ఆడమనిషిని మాయం చేయడం ఏ రకంగా మేలు? ఇక్కడ మాత్రం అన్నయ్యా నేనూ ఒకే మాట మీద ఉన్నాం.

అన్నయ్యకు బలమంతా ఎక్స్‌మెన్ 97. కాల్ డాడ్ మళ్లీ వుల్వరిన్, లెనోర్ జాన్ మళ్లీ రోగ్, జార్జ్ బూజా మళ్లీ బీస్ట్. పాతికేళ్లు దాటాక గొంతులు కాస్త బరువెక్కాయి. పాత్రల వయసు పెరగలేదు, గొంతులకు పెరిగిందని కొందరు అభిమానులు అన్నారు. ఆ మాట నిజమే, కానీ అయిదో భాగం చూశాక ఆ బరువే కావాలనిపిస్తుంది. రోగ్ ఎవరినైనా ఒట్టి చేత్తో తాకితే వాళ్ల శక్తి ఆమెలోకి వచ్చేస్తుంది. ప్రేమించిన గాంబిట్‌ను జీవితమంతా తాకలేకపోయింది. చనిపోయిన అతని ముఖం మీద చేయి వేసి, ఏమీ తెలియడం లేదని అంటుంది. ఆ చిన్న మాటలో ఏళ్లన్నీ వినిపిస్తాయి. కొత్త గొంతు ఎంత బాగా చెప్పినా ఆ ఏళ్లు రావు. ఈ ఘట్టం గురించి అన్నయ్య మాట్లాడుతుంటే నేను అడ్డు చెప్పను.

గొంతు మార్చవలసి వచ్చిన చోట కూడా వాళ్లు మర్యాదగా మార్చారు. ఆసియా మూలాలున్న జూబ్లీ పాత్రకు అలాంటి మూలాలున్న అమ్మాయే గొంతు ఇవ్వాలని, పాత నటి అలిసన్ కోర్ట్ తానే పక్కకు తప్పుకున్నారు. హోలీ చౌ వచ్చారు. పెద్ద వయసు జూబ్లీ కనిపించే ఒక భాగంలో ఆ గొంతు మాత్రం అలిసన్ కోర్ట్‌దే. చిన్న జూబ్లీ, పెద్ద జూబ్లీ ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే, ఒక నటి ఇంకో నటికి పాత్రను చేతిలో పెడుతున్నట్టే ఉంది. పవర్‌పఫ్ వాళ్లు చేయవలసిన పని ఇది.

"రజనీకాంత్‌కు మనో గొంతు లేకుండా ఊహించగలవా?" అని అన్నయ్య ఆఖరి అస్త్రం తీస్తాడు. మనో కంటే ముందు కొన్ని సినిమాల్లో ఆయనకు సాయికుమార్ చెప్పారని, అదీ మనకు నచ్చిందని నేను గుర్తుచేస్తాను. కమల్ హాసన్ అంటే తెలుగులో బాలసుబ్రహ్మణ్యం గారి గొంతే వినిపించేది. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది అయినా ఒకే మనిషిగా నమ్మడం తెలుగువాళ్ల చెవికి బాగా అలవాటు. స్క్రూజ్ అయినా అంతే. మేము చిన్నప్పుడు అలన్ యంగ్‌ను వినలేదు, హిందీ స్క్రూజ్‌నే విన్నాం. అమెరికా అభిమాని పోగొట్టుకున్నానని ఏడ్చే గొంతు మా చిన్నతనంలో అసలు లేదు. మేము దాచుకున్నది పాత్రను.

కాబట్టి నా తీర్పు ఇది. ఆగిన కథను ఆగిన చోటు నుంచే చెబితే ఎక్స్‌మెన్ దారి మేలు, పాత గొంతులే రావాలి. కథను మొదటి నుంచి చెబితే డక్‌టేల్స్ దారి మేలు, పాత్రను ముందు కొత్తగా ఆలోచించి అప్పుడు గొంతు వెతకాలి. పిల్లలతో కలిసి మొదటిసారి చూసేవాళ్లకు నేను డక్‌టేల్సే చెబుతాను, ఎక్స్‌మెన్ 97కి వెనక కథ తెలిసి ఉండాలి. పవర్‌పఫ్ చూడాలంటే 1998దే చూడండి.

అన్నయ్య పోయిన వారం ఒక మెలిక పెట్టాడు. డక్‌టేల్స్‌లోనూ పిల్లల మేనమామ డొనాల్డ్ గొంతు మారలేదుగా, అదీ సగం సగమే కదా అన్నాడు. నిజమే, 1985 నుంచి టోనీ ఆన్‌సెల్మోయే డొనాల్డ్. 1934 నుంచి ఆ గొంతు పలికిన క్లారెన్స్ నాష్ దగ్గర స్వయంగా నేర్చుకున్నాడు. ఇప్పుడు మనం వినేది నాష్ గొంతు కాదు, ఆన్‌సెల్మోది. మనిషి మారాడు, విద్య మారలేదు. మిగతావాళ్లు మాట్లాడే మాటల మధ్య డొనాల్డ్ గరగర ఎలాగూ వేరే ధ్వని, అందుకే పక్కన కొత్త గొంతులు వచ్చినా చెవికి ఎబ్బెట్టుగా ఉండదు. ఇదంతా అన్నయ్యకు చెబుతుంటే మా అమ్మాయి మళ్లీ టీవీకి వీపు తిప్పి కూర్చుని, "మావయ్యా, ఈసారి నువ్వు చెప్పు, ఎవరు మాట్లాడుతున్నారో" అంది. అన్నయ్య కుర్చీ తిప్పుకుని దాని పక్కన కూర్చున్నాడు. మొదట పలికింది లూయీ. అన్నయ్య సరిగ్గానే చెప్పాడు.