పెరంబూరు తెలుగు ఆరాధనలో ప్రసంగం చివరి పిలుపు

చెన్నై పెరంబూరులో ఆదివారం ఉదయం జరిగే ఒక తెలుగు ఆరాధనకు కొంతకాలంగా వెళ్తున్నాను. అక్కడ నా మనసుకు బాగా హత్తుకున్నది ప్రసంగం ముగిశాక కాపరిగారు (పాస్టరు) ఇచ్చే పిలుపు, అంటే విన్న వాక్యానికి స్పందించమని చేసే ఆహ్వానం. పాటలు బాగుంటాయి, సౌండ్ మాత్రం కాస్త ఎక్కువ.

బైబిలులోని అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయంలో యేసు శిష్యుడైన పేతురు మాటలు విన్నవారే నొచ్చుకొని, తాము ఏమి చేయాలని అడిగారు. ఆ రోజు ఇంచుమించు 3000 మంది సంఘంలో చేర్చబడ్డారు. కదిలించబడినవారిని ముందుకు పిలిచి ప్రత్యేకమైన బల్లపై కూర్చోబెట్టే పద్ధతి 1830 ప్రాంతంలో అమెరికాలో సువార్తికుడు చార్లెస్ ఫిన్నీ కూటాల ద్వారా బాగా ప్రచారమైంది. నేను ఇదివరకు వెళ్లిన ఒక సంఘంలో, చేతులు లేచేదాకా అదే చరణాన్ని మళ్లీ మళ్లీ పాడించి, జనాన్ని మొహమాటపెట్టి లేపేవారు.

ఇక్కడ కాపరిగారు కీబోర్డు కూడా ఆపించి, ఆనాటి వాక్యం మన నుండి ఏమి కోరుతున్నదో సూటిగా చెప్పి, మౌనంగా నిలబడతారు. క్షమాపణ గురించి బోధించిన ఆదివారం, “ఎవరితో సమాధానపడాలో ఆ పేరు ప్రభువు ఎదుట చెప్పండి” అన్నారు. నా ముందు వరుసలోని పెద్దాయన పెదవులు కదులుతుండగా బైబిలును రెండు చేతులతో గుండెకు అదుముకున్నారు. ముందుకు వచ్చిన స్త్రీలతో సంఘంలోని పెద్దమ్మలే కూర్చొని ప్రార్థిస్తారు, ఆ వారంలోనే ఫోన్ చేసి పలకరిస్తారు. ఒకటే లోటు: ఆరాధన ఆలస్యమైన రోజున లోకల్ ట్రైను అందుకోవలసినవారు సరిగ్గా ఆ పిలుపు వేళకే లేచి వెళ్లిపోవలసి వస్తోంది, కనుక ప్రకటనలను కుదిస్తే మేలు.