హైదరాబాద్ చూసి రావాలంటే ముందు తిరుగు టికెట్ సంగతి చూడండి

విజయవాడ, రాజమండ్రి, విశాఖ వైపు నుంచి శని, ఆదివారాలు కలిసొచ్చేలా హైదరాబాద్ వచ్చే విద్యార్థులకు ఊళ్లో పెద్దగా ఇబ్బందులు ఎదురుకావు. చిక్కంతా ఆదివారం రాత్రి తిరుగు రైలు దగ్గరే. కాబట్టి ప్లాను వెనక నుంచి ముందుకు వేసుకోవాలి. మొదట తిరుగు టికెట్ తీయాలి, ఆ రైలు ఏ స్టేషన్ నుంచి బయల్దేరుతుందో చూసుకోవాలి. బస ఎక్కడ, ఏ పూట ఏం చూడాలి అన్నవి దాన్నిబట్టి తేలతాయి.

సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి, చర్లపల్లి... ఇన్ని స్టేషన్లున్న ఊరిది. టికెట్ మీద ‘హైదరాబాద్ డెక్కన్’ అని ఉంటే అది నాంపల్లి. చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరిలో మొదలైంది. సికింద్రాబాద్ స్టేషన్‌లో పునర్నిర్మాణ పనుల వల్ల కొన్ని రైళ్లు చర్లపల్లికి మారాయి. సికింద్రాబాద్‌కీ నాంపల్లికీ మెట్రో ఉంది, చర్లపల్లికి లేదు. చార్మినార్ దగ్గర సాయంత్రం ఆరింటికి గాజులు బేరమాడుతూ, ఎనిమిదింటి రైలుకు చర్లపల్లి వెళ్లిపోవచ్చనుకుంటే మునిగినట్టే. ఆ పూట ట్రాఫిక్‌కే గంటన్నర పెట్టుకోవాలి. టికెట్ పాతదైతే ప్రయాణం రోజు పొద్దున స్టేషన్ పేరు మరోసారి చూసుకోండి.

బసకు రెండు దారులు. సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీలు రైలుకు దగ్గర. అక్కడ గది తీసుకునే ముందు చెక్‌అవుట్ ఇరవై నాలుగు గంటలకా, మధ్యాహ్నం పన్నెండుకా అని అడగాలి. పన్నెండు అంటే తెల్లవారుజామున దిగినవాళ్లు సగం రోజు అద్దె పోగొట్టుకున్నట్టే. రెండోది అమీర్‌పేట. కోచింగ్ విద్యార్థుల హాస్టళ్లలో రోజువారీ లెక్కన మంచం దొరుకుతుంది. ఎరుపు, నీలం మెట్రో లైన్లు రెండూ అక్కడే కలుస్తాయి. విద్యార్థులకు ఇదే మేలు. డబ్బు కట్టేముందు కుళాయి తిప్పి నీళ్లు వస్తున్నాయో లేదో, బ్యాగుకు తాళం వేసుకునే అర ఉందో లేదో చూడండి. ఒరిజినల్ ఆధార్ దగ్గరుండాలి, ఫోన్‌లోని ఫొటో అన్నిచోట్లా చెల్లదు.

పాతబస్తీకి మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్టాండు) వరకే వెళ్లగలరు. అక్కణ్నుంచి మూసీ దాటి నడిస్తే ముందు సాలార్‌జంగ్ మ్యూజియం, ఆ తర్వాత చార్మినార్. ఈ వరుసే మంచిది. మ్యూజియం పదింటికి తెరుస్తారు, శుక్రవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌కూ శుక్రవారమే సెలవు. జూ పార్కు, లుంబినీ పార్కులకు సోమవారం. మ్యూజియంలో అందరూ చూడాలనుకునేది సంగీత గడియారం. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికెళ్తుంది. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు కాబట్టి జనమంతా ఆ వేళకే చేరతారు, వెనక నిలబడ్డవాళ్లకు పైకెత్తిన ఫోన్లే కనిపిస్తాయి. పదకొండింటి గంటకే పది నిమిషాల ముందు కూర్చుంటే బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది. పన్నెండింటికి అందరూ గడియారం దగ్గరుంటారు, అప్పుడు మీరు ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం ముందు తీరిగ్గా నిలబడొచ్చు. ముఖం మీది పల్చటి ముసుగును కూడా రాయిలోనే చెక్కిన పనితనం అది. 

1591లో కట్టిన చార్మినార్ పైకి వెళ్లే మెట్లు ఇరుకు, చుట్టూ తిరుగుతూ ఉంటాయి. వీపున పెద్ద బ్యాగు వద్దు. టికెట్ ఫోన్‌లో కొంటే క్యూ తప్పుతుంది. లాడ్ బజార్ గాజులు మొదట చెప్పిన ధరకు ఎవరూ కొనరు, అమ్మేవాళ్లకూ ఆ సంగతి తెలుసు.

గోల్కొండకు ఆదివారం పొద్దున తొమ్మిదింటికే చేరాలి. మెహదీపట్నం నుంచి సిటీ బస్సులున్నాయి. కోట పైనున్న బాలా హిస్సార్ వరకు మూడు వందలకు పైగా మెట్లు, నీడ తక్కువ. మనిషికో లీటరు నీళ్లు తప్పవు. ముఖద్వారం గోపురం కింద చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుందంటారు. నిజమే, కాకపోతే సరిగ్గా కమాను మధ్యలో నిలబడి కొట్టాలి. పది దాటాక అందరూ ఒకేసారి కొడుతుంటారు కాబట్టి పైనున్న మీ స్నేహితుడికి అవి ఎవరి చప్పట్లో తెలియదు. రామదాసు చెర దారిలోనే. గైడును పెట్టుకుంటే మొత్తం ఎంతో, మనిషికెంతో ముందే తేల్చుకోండి.

బిర్లా మందిర్ మధ్యాహ్నం మూసి ఉంటుంది, ఫోన్లు లోపలికి రానివ్వరు. ట్యాంక్‌బండ్ సాయంత్రానికి సరిపోతుంది. 1990లో తరలించేటప్పుడు హుస్సేన్‌సాగర్‌లో మునిగిపోయిన బుద్ధ విగ్రహాన్ని 1992లో పైకి తీసి నిలబెట్టారు. బోటు ఎక్కితే దగ్గర్నుంచి చూడొచ్చు. ఇంకోమాట: తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకే. ఆంధ్ర ఆధార్ చూపిస్తే టికెట్ కొట్టాల్సిందే.

ఇక రైలు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆదివారం రాత్రి స్లీపర్ బెర్తులు చూస్తుండగానే అయిపోతాయి. తత్కాల్ ముందు రోజు, ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11కు. 2025 జులై నుంచి ఆన్‌లైన్‌లో తత్కాల్‌కు ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతా ఉండాలి. పదకొండింటికి కూర్చుని ఆ పని మొదలుపెడితే టికెట్లు అయిపోయాక పూర్తవుతుంది. వారం ముందే చేసి పెట్టుకోండి.

వెయిటింగ్ లిస్టులో రెండు అంకెలుంటాయి. ‘జీఎన్‌డబ్ల్యూఎల్ 64/డబ్ల్యూఎల్ 31’ అంటే కొన్నప్పుడు 64, ఇప్పుడు 31. జీఎన్‌డబ్ల్యూఎల్ అంటే జనరల్ వెయిటింగ్ లిస్టు, అది మిగతా రకాల వెయిటింగ్ కంటే బాగా కదులుతుంది. తత్కాల్ వెయిటింగ్ కదలడం కష్టం, దానికి ఆర్‌ఏసీ (ఒక బెర్తును ఇద్దరు పంచుకునే సీటు) కూడా లేదు. చార్టు (బెర్తుల తుది జాబితా) తయారయ్యాక కూడా టికెట్‌లో అందరూ వెయిటింగ్‌లోనే ఉంటే ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దయి, కొంత కోత పోగా డబ్బు వెనక్కి వస్తుంది. ఇక ఆ టికెట్‌తో ఎక్కితే టికెట్ లేనట్టే లెక్క. అదే ఒక పీఎన్‌ఆర్‌లో (ఒకే టికెట్ నంబరు మీద) ఒక్కరికి బెర్తు వచ్చి మిగతావాళ్లు వెయిటింగ్‌లో ఉంటే టికెట్ రద్దు కాదు, అందరూ ఎక్కొచ్చు. ముగ్గురు స్నేహితులు మూడు వేర్వేరు టికెట్లు తీయకూడదనేది అందుకే.

ఆర్‌ఏసీ అంటే పక్క లోయర్ బెర్తు మీద ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవడం. రాత్రంతా కాళ్లు చాపుకునే వీలుండదు. ఖాళీ బెర్తు ఏదైనా ఉందేమో టీటీఈని అడగండి, ఒక్కసారితో వదలొద్దు.

రైలు మీరెక్కే స్టేషన్‌లో మూడు గంటలు మించి ఆలస్యమై, మీరు ప్రయాణం మానుకుంటే పూర్తి డబ్బు వస్తుంది. కానీ రైలు అక్కణ్నుంచి కదలకముందే టీడీఆర్ (డబ్బు వాపసు కోరే దరఖాస్తు) పెట్టాలి. చాలామంది రైలు వచ్చేదాకా ఎదురుచూసి, అది వెళ్లిపోయాక దరఖాస్తు చేసి పోగొట్టుకుంటారు. రైల్వేనే రైలును రద్దు చేస్తే ఆన్‌లైన్ టికెట్ డబ్బు తనంతట వస్తుంది, కౌంటర్ టికెట్‌ను కౌంటర్లోనే ఇవ్వాలి. వానాకాలంలో ఇది దూరపు మాట కాదు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర వరదకు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి, కాజీపేట - విజయవాడ దారిలో రైళ్లు ఆగిపోయాయి. అలాంటప్పుడు కొన్ని రైళ్లను నల్గొండ, గుంటూరు మీదుగా మళ్లిస్తారు, ఖమ్మంలో దిగాల్సినవాళ్లకు అవి పనికిరావు.

బెర్తులో వేరేవాళ్లు కూర్చుని లేవకపోతే గొడవ పెట్టుకోకుండా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి పీఎన్‌ఆర్, బోగీ, బెర్తు నంబర్లు చెప్పండి. మిడిల్ బెర్తు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే. రాత్రి 11 నుంచి 5 వరకు చార్జింగ్ పాయింట్లకు కరెంటు ఉండకపోవచ్చు, కాబట్టి ఫోన్ స్టేషన్‌లోనే నింపుకోండి. జనరల్ టికెట్‌తో సూపర్‌ఫాస్ట్ ఎక్కితే 15 రూపాయల అదనపు చార్జీ టికెట్లో కలిసి ఉందో లేదో చూసుకోవాలి. ఆ టికెట్‌తో స్లీపర్‌లోకి వెళ్తే చార్జీ తేడా కాక కనీసం 250 రూపాయల జరిమానా.

విద్యార్థి రాయితీ ఇంకా ఉంది, కానీ సెలవులకు సొంతూరు వెళ్లడానికి, కాలేజీ తరఫున స్టడీ టూర్‌కు వర్తిస్తుంది. అది కూడా కాలేజీ ఇచ్చిన ఫారంతో కౌంటర్లోనే. సరదా యాత్రకు రాదు.

ఏదీ కుదరకపోతే ఎంజీబీఎస్ నుంచి రాత్రి విజయవాడ బస్సు ఎక్కడమే. పది, పదకొండు మధ్య బయల్దేరితే తెల్లవారకముందే దింపుతుంది. విశాఖ వైపు వెళ్లేవాళ్లకు పొద్దున్నే విజయవాడలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఉంది. దాంట్లో కూర్చునే సీటును ముందు రోజు సాయంత్రమే చూసి పెట్టుకోండి. బస్టాండు నుంచి రైల్వే స్టేషన్ రెండు కిలోమీటర్ల లోపే, తెల్లవారుజామున ఆటోవాళ్లు అడిగేది మాత్రం ఆ దూరానికి తగ్గట్టు ఉండదు. ముగ్గురుంటే ఆటో పంచుకోండి, లేదా తెల్లారాక నడవండి.