పాత బండిలో హైడ్రాలిక్ క్లచ్: ఇరవై ఏళ్లు నడిపాక నా మాట

మాది 2003 మోడల్ డీజిల్ బండి. అంతకుముందు నడిపిన మారుతి 800లో క్లచ్‌కు వైరు ఉండేది. దీనికి బ్రేకు మాదిరే ఆయిల్ ఒత్తిడి: పెడల్ తొక్కితే దాని దగ్గరున్న మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను నెడుతుంది, గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ ఆ ఒత్తిడితో క్లచ్‌ను విడదీస్తుంది. వరికోతలప్పుడు మిర్యాలగూడ రోడ్డు మీద వడ్ల ట్రాక్టర్ల వెనక గంటసేపు పాక్కుంటూ పోయినా ఎడమ మోకాలు నొప్పి పుట్టదు. ఈ బండి అమ్మబుద్ధి కానిది అందుకే.

చెడిపోతే మాత్రం తికమక పెడుతుంది. సాగర్ నుంచి వస్తుంటే హాలియా దగ్గర పెడల్ కిందికి పోయి అక్కడే ఉండిపోయింది. రివర్స్ వేస్తే గరగరా చప్పుడు. ఇంజన్ బంద్ చేస్తే అన్ని గేర్లూ సాఫీగా పడుతున్నాయి. షెడ్డులో చూపిస్తే "క్లచ్ ప్లేట్లు పోయినయ్ సార్, గేర్‌బాక్స్ దించాలె" అన్నారు. నా మనసొప్పలేదు. ప్లేటు అరిగితే గుట్ట ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి లాగదు; గేర్లు మామూలుగా పడుతూనే ఉంటాయి. ఇక్కడేమో పెడల్ నాలుగైదుసార్లు గబగబా తొక్కితేనే గేరు పడుతోంది. అంటే ఒత్తిడి అందట్లేదు. చూస్తే క్లచ్ ఆయిల్ పోసే డబ్బా అడుగంటింది. స్లేవ్ సిలిండర్ రబ్బరు టోపీ పక్కకు లాగగానే బొటబొటా కారింది. రబ్బరు కిట్ వేయించి, ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు నిపుల్ (గాలి వదిలే చిన్న మర) వదులుతూ బిగిస్తూ లోపల చేరిన గాలి తీశారు. గేర్‌బాక్స్ జోలికే పోలేదు.

ఆరు నెలలకు మళ్లీ మొదలైంది. ఈసారి చుక్క కారలేదు, డబ్బాలో ఆయిల్ తగ్గలేదు. క్లాక్‌టవర్ సెంటర్‌లో ఫస్ట్ గేరు వేసి, పెడల్ తొక్కిపట్టి ఆగి ఉన్నా బండి మెల్లగా ముందుకు జరిగింది. ముందు బైకు మీద చంటిపిల్లతో ఒక తల్లి. బ్రేకు మీద కాలుంది కాబట్టి సరిపోయింది గానీ, ఇంటికొచ్చేదాకా చేతుల వణుకు తగ్గలేదు. మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు అరిగి, ఆయిల్ దాన్ని దాటుకుని వెనక్కి జారుతోందన్నమాట. విప్పితే లోపల తుప్పు గీతలు. కిట్టుతో పోయేది కాదు, సిలిండరే మార్పించాను. రెండు సిలిండర్లూ ఒకే వయసువి, మొదటిసారే రెండూ చూపించాల్సింది.

ఆయిల్ విషయంలో రాజీ పడకండి. డబ్బా మూత మీద రాసి ఉన్న బ్రేక్ ఆయిలే పోయాలి. ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, సిలిండర్ లోపల తుప్పుకు అదే దారి. అందుకే రెండేళ్లకోసారి మార్పిస్తున్నాను. మొన్న తీసినప్పుడు పాత ఆయిల్ తేనెరంగులోనే ఉంది, నల్లబడలేదు.